చర్చి మెట్ల మీద రాడార్

మా ఇంట్లో వాన కబురు చెప్పేవి రెండున్నాయి. ఒకటి మా అత్త ఎడమ మోకాలు, రెండోది మా ఆయన ఫోను. రెండింటికీ తమ మీద తమకు చాలా నమ్మకం, రెండూ తరచుగా తప్పేవి. మోకాలు తప్పితే మా అత్త, "వాన రాకపోతే పోయింది, నొప్పి అయితే వచ్చింది కదా" అని సరిపెట్టుకునేది. ఫోను తప్పితే మా ఆయన ఎందుకు తప్పిందో పాఠం చెప్పేవాడు. అందుకని ఆ రెంటిలో నాకు మోకాలే నయమనిపించేది.

మా ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. నేను ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మాది అర్ధవీడు మండలంలో కొండల వైపు ఉన్న ఒక చిన్న ఊరు. ఊరంతా ఆయన్ని సారూ అని పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు నేనూ సారుగారూ అంటాను. ఆ పిలుపు వినపడితే ఆయన చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు.

మా అత్త మిరపకోతల కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దది మా వదిన, గిద్దలూరులో కాపురం. చిన్నవాడు మా ఆయన. కోతల కాలమంతా మా అత్త చేతులు మండుతూనే ఉండేవట. ఇంటికొచ్చి మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేదట. పిల్లలు ఏడిస్తే కన్నీళ్లు తుడవడానికి కూడా చెయ్యి వాడేది కాదు. మోచేతి వంపుతో తుడిచేది. "మా అమ్మ చెయ్యి నా మొహానికి తగిలేది ఒక్క వానాకాలంలోనే" అని మా ఆయన నవ్వుతూ చెబుతాడు. ఇప్పటికీ ఆమె కంట్లో నలుసు పడితే మోచెయ్యే పైకి లేస్తుంది. అలవాటు అట్లా ఉండిపోయింది.

ఇన్నేళ్లూ ఆమె కోసినవన్నీ పక్కవాళ్ల చేలో కాయలే. మా మామ నుంచి వచ్చిన ఎకరం పొలం ఉంది గానీ, దాంట్లో వాన పడితే కంది, పడకపోతే కంప. ఆ ఏడాది బోరు వేయిస్తే నీళ్లు పడ్డాయి. నీళ్లు కనపడగానే మా అత్త, "మిరప పెడతా" అంది. ఈ వయసులో మిరప ఏందమ్మా అని మా ఆయన, వద్దత్తా అని నేను, ఎవరు చెప్పినా వినలేదు.

ఆ పట్టుదల వెనక కారణం మా చర్చిలో జరిగే కోత పండుగ. పంటలు చేతికొచ్చే కాలంలో ఒక ఆదివారం ఎవరి చేలో పండిన తొలి ఫలం వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఒకరు కందులు, ఒకరు పత్తి, ఒకరు గుమ్మడికాయ, ఏమీ లేనివాళ్లు కోడిపెట్ట. మా అత్త ప్రతి ఏడూ కంభం సంతలో గుమ్మడికాయ కొనుక్కొచ్చి పెట్టేది. పెట్టి వచ్చాక ఆ రోజంతా ముభావంగా ఉండేది. "కొన్నకాయ అని దేవునికి తెలియదా ఏంది" అనేది.

ఈసారి మాత్రం అందరికీ చెప్పుకుంది. "నా చేని కాయ పెడతా. ఎర్రగా ఉండాల. ఒక్క తాలుకాయ కనపడగూడదు."

తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. కోసిన మిరపను కళ్లంలో పరిచి ఎండబెట్టేటప్పుడు వాన తగిలిందంటే అట్లా అయిపోతుంది. వానకు భయపడి టార్పాలిన్ పట్ట కప్పేద్దామా అంటే, పచ్చి ఆరని కాయ ఎండకు పట్ట కింద ఉడికి, చెమట పట్టి, మచ్చలు పడి బూజొస్తుంది. కప్పకపోతే ఒక బాధ, ఊరికే కప్పితే ఇంకో బాధ. కళ్లంలో మిరప ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి మనుషులు అన్నం తింటూ కూడా ఆకాశం వైపే చూస్తారు.

ఇట్లాంటి కాలంలో మా ఆయనకు రాడార్ పట్టుకుంది. వాన బొమ్మలు చూపించే యాప్ ఏదో ఫోన్లో వేసుకుని, లోకంలో మేఘాలన్నిటికీ తనే మేస్త్రీ అయినట్టు తిరిగేవాడు. ఒకరోజు అన్నాల దగ్గర, "అసలు అదేంది?" అని అడిగిన పాపానికి చారు చల్లారిపోయేదాకా చెప్పాడు.

సముద్రం ఒడ్డున ఎత్తయిన మేడ మీద పెద్ద తెల్లటి గోళం ఉంటుందట. లోపల పళ్లెంలాంటి యాంటెన్నా చుట్టూ తిరుగుతుంటుంది. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా కానంతసేపు రేడియో తరంగాన్ని వదిలి, ఆ తర్వాత నోరు మూసుకుని వింటుంది. తరంగం పోయి పోయి వాన చుక్కలకు తగిలితే కొంచెం వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి వాన ఎంత దూరంలో ఉందో, ఎంత గట్టిగా వచ్చిందో చూసి చుక్కలు ఎంత లావో లెక్కగడతారు. తుంపరైతే బొమ్మలో ఆకుపచ్చ, కాస్త గట్టిదైతే పసుపు, కుమ్మరించేదైతే ఎరుపు. వాన ఎదురొస్తుందా, దూరంగా పోతుందా అనేది కూడా పట్టేస్తుంది. కంభం స్టేషన్లో రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత ఒక తీరుగా, దాటిపోయేటప్పుడు ఇంకో తీరుగా వినపడుతుంది కదా, ఆ సూత్రమే.

"అంటే అది మాట్లాడేది రవ్వంత, వినేదే ఎక్కువా?" అని అడిగాను.

"అవును. దాని గొప్పంతా వినడంలోనే ఉంది" అన్నాడు ఉత్సాహంగా.

"మరి నువ్వెప్పుడు నేర్చుకుంటావయ్యా ఆ పద్ధతి?"

మా అత్తకు పొలమారింది. నెత్తి మీద తట్టుకుంటూ నీళ్లు తాగి, ఆమె కూడా ఒకటి అడిగింది. "రేపు వాన వస్తదో రాదో చెప్తదా నాయనా అది?"

"రేపటిది చెప్పదమ్మా. ఇప్పుడు యాడ పడతాందో చెప్తది. ఇందాక యాడుంది, ఇప్పుడు యాడుంది అని చూసుకుని, మన మీదికి ఎప్పుడొస్తదో మనమే లెక్కేసుకోవాల."

"వచ్చేది నాకూ కనపడతది కదరా, కొండ మీద నల్లగా."

"కొండ అవతల ఉన్నది నీకు కనపడదు. దానికి కనపడతది."

మా ఆయన ఆ పూట పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ లెక్క వేసుకోవడానికి నా టేపు వాడేవాడు. ఒక మేఘం పాత చోటు నుంచి కొత్త చోటుకు ఎంత జరిగిందో ఫోను అద్దం మీద టేపు పెట్టి కొలిచేవాడు. కొలిచి ఎక్కడో పడేసేవాడు. నేను జాకెట్టుకు చేతులు కొలవాల్సి వచ్చి ఇల్లంతా వెతుక్కునేదాన్ని. పక్కింటి పెద్దమ్మ జాకెట్టు ఒకటి అట్లా అంచనా మీద కుట్టాను. వేసుకుని చూసి, "ఇదేందే, ఒక చెయ్యి పొట్టి ఒక చెయ్యి పొడుగు" అంది. సారుగారు మేఘాన్ని కొలిచారు పెద్దమ్మా, నీ చెయ్యి మిగిలిపోయింది అన్నాను.

ఇంకో ముచ్చట చెప్పాలి. మా వీధిలో ఫోను సిగ్నల్ సరిగ్గా అందేది చర్చి మెట్ల మీద మాత్రమే. కాబట్టి మా ఆయన పొద్దున బడికి పోయేముందు, సాయంత్రం వచ్చాక, ఆ మెట్ల మీద కూర్చుని తల వంచుకుని ఫోను చూసుకునేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఫోను కనపడదు, వంచిన తలే కనపడుతుంది. "సారు ఈ మధ్య బాగా ప్రార్థనలో ఉంటున్నాడు" అని ఊళ్లో పేరొచ్చింది. పాస్టరుగారు మా అత్తతో, "నీ కొడుకు మారినాడమ్మా" అన్నారట. ఆమె నిజం తెలిసీ, "అంతా దేవుని దయ అయ్యగారూ" అనేసి వచ్చింది.

మా కాయలు కళ్లానికి చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం మా ఆయన మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. గిద్దలూరు వైపు ఎర్రటి ముద్ద ఒకటి లేచిందనీ, నేరుగా మన వైపే వస్తోందనీ చెప్పాడు. ఊళ్లో సగం ఇళ్ల కాయలు కళ్లాల్లోనే ఉన్నాయి. పాస్టరుగారిని అడిగి చర్చి మైకు పెట్టించాడు. పెళ్లి కబుర్లు, మందుల డాక్టరు వచ్చిన కబుర్లు చెప్పే మైకులో, "రాడార్ ప్రకారం భారీ వర్షం వస్తాంది, అందరూ మిరప కప్పుకోవాల" అని మా ఆయన గొంతు ఊరంతా వినపడింది. జనం చేలల్లో నుంచి పరుగెత్తి వచ్చారు. పట్టలు, పాత దుప్పట్లు, ఎవరి చేతికి అందింది వాళ్లు కప్పారు.

ఆకాశం మూసుకొచ్చింది. ఉరిమింది. దుమ్ము లేచి కళ్లల్లో పడింది. అంతే. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు. కాసేపటికి ఎండ వచ్చి మా అందరి మొహాల మీదా కాసింది. మళ్లీ పడుతుందేమోనని అట్లాగే ఉంచి, మర్నాడు పట్టలు తీస్తే కింద కాయ మెత్తబడి చెమ్మగిల్లి ఉంది. ఆడవాళ్లం కూర్చుని మచ్చపడిన కాయ ఏరి పారేశాం. మా కళ్లం పక్కనే కళ్లం ఉన్న ఒక బావ, మా ఆయన్ని ఏడిపించడానికే పుట్టినవాడు, గట్టు మీద నుంచి అడిగాడు.

"సారూ, నిన్న ఫోన్లో బాగా పడిందా?"

"పడింది బావా" అన్నాడు మా ఆయన తల దించుకుని.

"పోనీలే, ఫోనన్నా పండుద్ది."

రెండోసారి ఇంకా బాగా జరిగింది. మెట్ల దాకా పోవడానికి బద్ధకించి ఇంటి దగ్గరే ఫోను తెరిచాడు. సిగ్నల్ లేక యాప్ కొత్త బొమ్మ తెచ్చుకోలేకపోయింది. లోపల దాచుకున్న పాత బొమ్మే చూపించింది. అది క్రితం సాయంత్రం దోర్నాల కొండల మీద పడి ఆరిపోయిన వాన. మా ఆయన మూల ఉన్న టైము చూడలేదు. ఎరుపు చూశాడు, పరుగు తీశాడు, మళ్లీ మైకు. ఈసారి ఊళ్లో నాలుగిళ్లవాళ్లే కప్పారు, వాళ్లలో మేమూ ఉన్నాం. నీలంగా మెరిసిపోతున్న ఆకాశం కింద నేనూ మా అత్తా పట్ట మీద రాళ్లు పెడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

మెట్ల మీదికి పోయి బొమ్మ సరిచూసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చి చెప్పాడు. మా అత్త చేతిలో రాయి చేతిలోనే ఉంది.

"నిన్నటి వానకు ఈరోజు పట్ట కప్పించినావా నాయనా" అంది.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పట్ట తీసి, కాయను కాలితో తిరగేస్తూ, మచ్చపడిన వాటిని ఒక పక్కకు వేసింది. తర్వాత, ఫోను కళ్లంలోకి తేవద్దని మాత్రం చెప్పింది. నాకు ఆయన మీద మండిపోయింది. ముసలామె ఏడాది కష్టాన్ని బొమ్మలాట చేస్తున్నాడని గట్టిగానే అన్నాను. ఆయన ఈసారి పాఠం చెప్పలేదు. అప్పుడు కొంచెం జాలేసింది.

అయితే ఊరుకునే మనిషి కాదు. కొన్నాళ్లు ఏవో చదువుకుని ఒక సాయంత్రం నా మిషను పక్కన చేరాడు. నా చేతిలో జాకెట్టు గుడ్డ లాక్కుని మోకాలి మీద పరిచాడు. గుడ్డ వంగింది. దాని మీద నా స్కేలు పెట్టాడు. స్కేలు ఒక చివర గుడ్డకు ఆనింది, రెండో చివర గాలిలో లేచి ఉంది.

"చూడు. భూమి ఇట్ల వంగి ఉంటది. రాడార్ చూపు తిన్నగా పోతది. సముద్రం దగ్గర అది నేలకు దగ్గరగానే ఉంటది. మన దాకా వచ్చేతలికి నాలుగైదు కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తులో ఉంటది. అది చూసింది మేఘం తలకాయను. తలలో చుక్కలుండేది నిజమే. కానీ మనది ఎండిన గాలి. చుక్కలు కిందికి వచ్చేలోపలే ఆవిరైపోయినాయి. అది అబద్ధం చెప్పలేదు, మన కాళ్ల దగ్గర ఏం జరుగుతాందో దానికి కనపడలేదు."

"భూమి గుండ్రంగా ఉంటదని పిల్లలకు చెప్పేది నువ్వే కదా సారూ" అన్నాను.

"అదే నా బాధ" అన్నాడు.

ఆ మాట ఆయన అన్న తీరుకు నవ్వొచ్చింది. గుడ్డ మాత్రం వెనక్కి తీసుకున్నాను.

దానికి ఆయన కనిపెట్టిన మందు మా వదిన. గిద్దలూరులో ఆమెది మిద్దె ఇల్లు. ఎండలు మొదలైతే మిద్దె నిండా వడియాలు, అప్పడాలు. మన మీదికొచ్చే వాన చాలాసార్లు ఆమె మిద్దె దాటుకునే వస్తుంది. కాబట్టి రాడార్‌లో ఎర్ర ముద్ద గిద్దలూరు మీద కనపడగానే ఆమెకు ఫోను చేసి, "అక్కా, నేల తడిసిందా?" అని అడగాలి. పైసంగతి రాడార్ చెబుతుంది, కింది సంగతి అక్క చెబుతుంది. మా వదిన ఫోను ఎత్తడంలో ఎంత చురుకంటే, ఇటు మోగకముందే అటు హలో అంటుంది. ఎత్తాక పెట్టెయ్యడమే కష్టం. నేల తడిసిందా అంటే, తడవలేదని చెప్పి, తర్వాత కోడలి సంగతి, పాలవాడి సంగతి, ఎదురింటి కుక్క సంగతి చెప్పేది. ఒకటి రెండు ముద్దలు అట్లా పొడిగా దాటిపోయాయి. మైకు మోగలేదు, పట్టలు లేవలేదు. మా అత్తకు ఈ ఏర్పాటు తెలుసు. నచ్చిందో లేదో చెప్పలేదు గానీ, "ఏమంటాంది అది?" అని అడిగేది.

కోత పండుగ ముందు రోజు శనివారం. కాయ బాగా ఎండింది. చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటున్నాయి. ఎండలో పెళుసుగా ఉన్నప్పుడు బస్తాకెత్తితే విరుగుతుందని, సాయంత్రం చల్లబడ్డాక ఎత్తుదామని ఆగాం. నేనూ మా అత్తా కళ్లం అంచున కూర్చుని చివరి తాలుకాయలు ఏరుతున్నాం. రేపు కట్టుకోబోయే తెల్లచీర గురించి ఆమె చెబుతోంది. అప్పుడు మా ఆయన వచ్చి కళ్లం గట్టు అవతలే ఆగాడు. చేతిలో ఫోను ఉంది, అందుకని గట్టు దాటలేదు.

"ఏందిరా అట్ల నిలబడినావు?" అంది మా అత్త.

"గిద్దలూరు మీద ఎర్రగా ఉందమ్మా. మన వైపే కదులుతాంది."

"అక్క ఏమంటాంది?"

"ఎత్తట్లేదు. మెట్ల మీద నుంచి మళ్లీ మళ్లీ చేసినా. మోగుతాంది గానీ ఎత్తట్లేదు. అందుకే కప్పమని చెప్పలేకపోతున్నా. నేల సంగతి తెలియకుండా మళ్లీ చెప్తే..."

పక్క కళ్లంలో బావ గొంతుక్కూర్చుని మా వైపే చూస్తున్నాడు. నేను కొండ వైపు చూశాను. కొండ మీద మామూలు మబ్బే ఉంది. నా మటుకు నాకు, ఈ మనిషి నోరు మెదపకుండా ఉంటే బాగుండుననిపించింది.

మా అత్త చేతిలో తాలుకాయను కింద పడేసింది. "అది ఫోను ఎత్తట్లేదా?" అని ఇంకోసారి అడిగింది.

"లేదమ్మా."

"పీనుగ ఇంటికి పోయినా ఫోను ఎత్తే మనిషిరా అది. ఎత్తలేదంటే చేతులు ఖాళీ లేవు. మిద్దె మీద వడియాలు ఎత్తుకుంటాంది. ఆడ పడతాంది. కప్పండి."

మోకాలు పట్టుకుని లేచింది. నేనూ మా ఆయనా పట్ట అందుకున్నాం. ఆమె మాతో పట్టుకోలేదు, గట్టు దాటుతోంది. ఎక్కడికత్తా అంటే, "మైకు కాడికి. ఊళ్లో కాయ అంతా బయటే ఉంది" అంది. నేను వెళ్తానమ్మా అని మా ఆయన అన్నాడు. ఆమె ఆగి కొడుకుని ఎగాదిగా చూసింది. "నువ్వు చెప్తే ఎవరు కప్పుతారు నాయనా" అని కుంటుకుంటూ పోయింది. ఆ మాటకు పక్క కళ్లంలో బావ పగలబడి నవ్వాడు.

కాసేపటికి మైకులో ముందు ఊదిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు వచ్చింది. "ఇది సారు మాట కాదు, నా మాట. గిద్దలూరులో పడతాంది. మీ అందరి చేలల్లో కాయ కోసినదాన్ని, కాయ ఉసురు పోసుకునే మాట చెప్పను. కప్పుకోండి."

బావ నవ్వు ఆపి పట్ట కోసం పరుగెత్తాడు.

గాలి ముందొచ్చింది. మేం రాళ్లు పెట్టేలోపలే పట్ట ఒక మూల లేచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. వేరే దారి లేక నేను పోయి ఆ మూల మీద కూర్చున్నాను. రెండో మూల మీద మా ఆయన కూర్చున్నాడు. వాన నిజంగానే వచ్చింది, కుమ్మరించింది. ఆ వానలో ఆ మనిషి, "నువ్వు కూర్చున్న మూల కదలడం లేదు చూడు, బరువు ఎంత అవసరమో" అన్నాడు. ఇంటికి పద చెబుతా అన్నాను. నీళ్లు ముక్కులోకి పోతున్నా నవ్వొచ్చింది. పట్ట మీద చప్పుడు వింటూ, కింద కాయ ఏమైపోతోందో తెలియక, చీర కొంగు పిండుకోవడం కూడా మర్చిపోయి కూర్చున్నాను.

వాన వెలిశాక మా అత్త తడిసి ముద్దయి వచ్చింది. పట్ట అంచు ఎత్తి భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, మధ్యలో నుంచి ఒక కాయ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నాకు కూడా వినపడింది ఆ గలగల. ఆమె ఆ కాయను ఇంకోసారి ఊపి, మా ఆయన చెవి దగ్గర కూడా ఊపి వినిపించింది.

చీకటి పడకముందే మెట్ల మీదికి పోయి వదినకు ఫోను చేశాం. ఈసారి మోగకముందే ఎత్తింది. "ఏందిరా అన్నిసార్లు చేసినావు, వానకు వడియాలు ఎత్తుకుంటాంటే చేతులు ఖాళీ ఉంటాయా, ఆ మాత్రం తెలియదా" అని తమ్ముణ్ని దులిపేసింది. మా అత్త ఫోను లాక్కుని, "మాకు తెలిసిందిలే అమ్మా" అంది. వడియాలు సగమే దక్కాయట. ఆ సగం సంగతి చాలాసేపు చెప్పింది.

ఆదివారం పొద్దున మా అత్త తలంటుకుని తెల్లచీర కట్టుకుంది. బుట్ట మాత్రం నన్నే నింపమంది. "నేను ముట్టుకుంటే చీరకు మరక అవుతది" అంది. ఎర్రటి కాయలు ఏరి, తొడిమలన్నీ ఒక వైపుకు వచ్చేట్టు పేర్చాను. ఆమె దూరంగా నిలబడి, ఈ కాయ తియ్యి, ఆ కాయ పెట్టు అని చూపుడువేలితో నడిపించింది. బుట్టను చర్చి దాకా మా ఆయన మోశాడు. గుమ్మం దగ్గర మాత్రం కింద మెత్తటి గుడ్డ వేయించుకుని ఆమె తన నెత్తిన పెట్టించుకుంది. బుట్టకు చెయ్యి ఆనించకుండా నడిచింది. కూలికి పోయిన రోజుల్లో నేర్చిన నడక అది.

పాస్టరుగారే బుట్ట దించి బలిపీఠం ముందు పెట్టారు. కందులు, పత్తి, గుమ్మడికాయల మధ్య అంత ఎర్రగా ఇంకేమీ లేదు. ఆమె వెనక్కి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంటూ, మోకాలు మడిచేటప్పుడు "అబ్బా" అంది. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు గబుక్కున కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు. ఒకామె లేచి కళ్లం వైపు పోబోతే పక్కామె కూర్చోబెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాను.

తల ఎత్తేసరికి మా అత్త ఏడుస్తోంది. చప్పుడు లేదు. రెండు అరచేతులతో, పూర్తిగా విప్పిన అరచేతులతో, కళ్లు తుడుచుకుంటోంది.

ప్రార్థన అయ్యాక బయటికొచ్చాం. మెట్ల మీద మా ఆయన ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు.

"ఏందమ్మా, ఏడ్చినావా?"

"ఏడ్చేదానికి ఏముందిరా. చేతికి కారం ఉన్నట్టుంది, కంట్లో పడింది."

ఆయన నమ్మాడు. కాయలు కదా, కారమే అయి ఉంటుంది, నీళ్లు కొట్టుకో అన్నాడు. నేను ఆమె చేతుల వైపు చూశాను, పొద్దున్నించీ కాయ ముట్టని చేతులవి. ఆయన అలవాటుగా మెట్ల మీద కూర్చుని, తల వంచుకుని, ఫోను తీశాడు. కొత్త బొమ్మ వచ్చేదాకా ఆగాడు. మూల ఉన్న టైము కూడా చూశాడు.

"మన మీద ఏమీ లేదమ్మా. అంతా తేటగా ఉంది" అన్నాడు.

"మంచిది నాయనా" అంది మా అత్త, అరచేత్తో ఇంకోసారి కన్ను తుడుచుకుంటూ. "పదండి, కూడు తిందాం."